మూడో తాంబూలం

తొండియార్‌పేట,
శనివారం మధ్యాహ్నం.

పూజ్యులైన అత్తయ్య పాదాలకు మీ పెద్ద కోడలు జయంతి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ ప్రణతీ కులాసా. కులాసా అని రాయకపోతే ఉత్తరం ముందుకు సాగదు కాబట్టి రాశాను, అందులో నిజమెంతో చదివాక మీకే తెలుస్తుంది. కోయంబత్తూరులో మీరు, ముఖేష్, లక్ష్మీప్రియ, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాశారో నాకు అర్థమైంది. మీకు ఫోన్ వస్తే లక్ష్మీప్రియ దాన్ని స్పీకర్లో పెట్టి హాల్లో టీపాయ్ మీద ఉంచుతుంది. "అత్తయ్యకు చెవి సరిగ్గా వినపడదు కదక్కా" అంటుంది. మీ చెవి సంగతి నాకు తెలియదా? నేను వంటింట్లో గిన్నె మీద మూత కాస్త గట్టిగా పెడితే ముందుగదిలో నుంచి "ఏందే ఆ కోపం" అని అడిగిన మనిషి మీరు. అందుకే నేనూ ఉత్తరమే రాస్తున్నాను. దీన్ని దాచిపెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగేది మీరొక్కరే.

ముందు మీరడిగినవాటికి జవాబులు. నీళ్ళ మోటారు బాగుచేయించాను. మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఇప్పుడు ట్యాంకు నిండగానే స్విచ్ ఆపుతున్నారు, మీరు పెట్టిన చీవాట్లు బాగానే పనిచేశాయి. పురసవాక్కంలో మీ జాకెట్టు గుడ్డ దొరకలేదు. ఆ రంగు ఇప్పుడు నేయడం లేదని దుకాణంవాడు చెప్పాడు, దగ్గర రంగు ఒకటి చూపించాడు కాని మీకు నచ్చదని తీసుకోలేదు. తిరువొత్తియూరు గుడికి శుక్రవారాలు వెళ్తున్నావా అని అడిగారు. వెళ్ళడం లేదు. ఎందుకని అడగకండి.

"ఇంకా ఆ కంప్యూటర్ ముందరే కూర్చుంటా ఉండావా, కళ్ళు పోతాయి" అని రాశారు. కూర్చుంటూనే ఉన్నాను. చిన్న చిన్న దుకాణాలవాళ్ళకు పేజీలు చేసిపెట్టే పని ఉంది, దానితోనే ఇల్లు నడుస్తోంది. మన వర్తకుల సభ పేజీ కూడా నేనే చూస్తున్నాను. చూస్తున్నాను అనాలో, చూసేదాన్ని అనాలో తెలియదు. మీ ఉత్తరం చివర్లో మీరు అసలు రాయదలచుకున్న ప్రశ్న అదే కదా. "శ్రీరామనవమి నాడు మన ఇంటి పేరు ఎట్లా పోయింది? చేతకాకపోతే చేతకాదని చెప్పి ఉండాల్సింది. ఇంత కాలం లేని అవమానం నీ చేతి మీదుగా జరిగింది" అని రాశారు. ఆ వాక్యాలు ఎన్నిసార్లు చదివానో చెప్పను. దానికి జవాబే ఈ ఉత్తరం.

ఏం జరిగిందో మీరు ముఖేష్ నోటి నుంచి విన్నారు. ఇప్పుడు నా నోటి నుంచి వినండి. ఆ పేజీ ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది తలకెక్కదు.

సభకు వెబ్ పేజీ కావాలని పెద్దలు అనుకున్నప్పుడు దాన్ని చేసింది మీ పెద్దబ్బాయి. గుర్తుందా, వసారాలో మీ పక్కన కూర్చుని, నవమి నాడు రామమందిరంలో సభవాళ్ళు తాంబూలం ఇచ్చే ఇళ్ళ వరుస అడిగారు. మీరు వక్కలు కత్తిరిస్తూ, తడుముకోకుండా చెప్పారు. మొదటి తాంబూలం ఉప్పువారి ఇంటికి, రెండోది బెల్లంవారి ఇంటికి, మూడోది మన పసుపువారి ఇంటికి, ఆ తర్వాత చింతపండువారికి. ఏ ఇంట్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరు ఏ ఊళ్ళో ఏ వ్యాపారం చేస్తున్నారు, అన్నీ మీరే చెప్పారు. పక్కన కూర్చుని టైపు చేసింది నేను. పెళ్ళికి ముందు పురసవాక్కం కంప్యూటర్ సెంటర్లో పేజీలు చేసే ఆ పాత సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నానని మీ అబ్బాయికి నా మీద గొప్ప నమ్మకం.

అది పెద్ద పట్టిక, టేబుల్ అంటాం. గళ్ళ చీరలా అడ్డంగా, నిలువుగా గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అడ్డవరుస. అందులో పేరు, వ్యాపారం, ఊరు. ఎడమ అంచున మాత్రం ఇంటికి ఒక పొడుగాటి గడి, అందులో ఇంటి పేరు. మన ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు కాబట్టి ఇద్దరి వరుసల పక్కన కలిపి ఒకే గడి, పసుపువారి ఇల్లు అని. చూసేవాళ్ళకు ఆ గడి అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా కనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం అది ఉమ్మడిది కాదు. అది మొదటి వరుసది. పెద్దవాడి వరుసలో మొదలై, కిందికి సాగి, తమ్ముడి పక్కన కూడా నిలబడుతుంది. అంతే తేడా. ఆ తేడా పైకి కనిపించదు.

మీ అబ్బాయి పోయాక కూడా ఆ వరుస అలాగే ఉంది. పేరు ముందర కీర్తిశేషులు అని చేర్చింది నేనే. నవమి నాడు ఆ పేరు చదివితే నాన్న బదులు ప్రణతి వెళ్ళి తాంబూలం అందుకునేది. మొదటిసారి వెళ్ళినప్పుడు మీరు దాని భుజం పట్టుకుని వేదిక మెట్ల దాకా తీసుకెళ్ళారు. ఎవరో గొణిగితే మామయ్యగారి పేరెత్తి "దామోదరం గారి మనవరాలు అది. పోకూడదని చెప్పే మగాడు ఎవడైనా ఉంటే నా ముందరికి వచ్చి చెప్పమను" అన్నారు. ఎవరూ రాలేదు. అప్పుడు మీరు ఇక్కడే, ఈ ఇంట్లో ఉండేవారు.

ఈ ఏడు నవమికి కొన్నాళ్ళ ముందు సభ కార్యదర్శి కోదండరాం మామ ఇంటికి వచ్చారు. మజ్జిగ ఇస్తే తాగారు. ఎండల గురించి, హార్బర్ లారీల దుమ్ము గురించి మాట్లాడారు. నా ముఖం వైపు మాత్రం చూడలేదు. చివరికి అసలు సంగతికి వచ్చారు.

"జయంతీ, పేజీలో ఒక చిన్న పని ఉందిమా. మీ ఇంటి వరుసలో శ్రీకుమార్ పేరు ఇంకా ఉండాది. పోయినోళ్ళ పేరు మైకులో చదివేది బాగాలేదని కొందరు అంటా ఉండారు. ఆ వరుస తీసేసి చిన్నాయన పేరు ఒకటే పెడితే సరిపోతాది."

"కొందరంటే ఎవరు మామా?"

"అదంతా ఎందుకుమా ఇప్పుడు."

"ప్రణతి పోతా ఉంది కదా మామా, వాళ్ళ నాయన బదులు."

"చిన్నబిడ్డగా ఉన్నప్పుడు సరి. ఇప్పుడు ఈడొచ్చిన బిడ్డ అయిపోయింది. రేపు ఇంకో ఇంటికి పోయేదే కదా. ఆడ నిలబడితే తలా ఒక మాట అంటారు. నువ్వు తీసేయ్‌మా, అంతే. అది నీకు తప్ప ఇంకెవరికీ రాదు."

చివరి మాట నన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నారు. మొగుడి పేరు తీసేయాలంటే ఆ పని నాకొక్కదానికే వచ్చట. చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర ఆయన ఇంకో మాట కూడా అన్నారు. అది తర్వాత రాస్తాను.

ఆయన వెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ వరుస మీద మౌస్ పెట్టి, కుడివైపు నొక్కితే చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో వరుస చేర్చు, వరుస తీసేయి, గళ్ళు కలుపు, గడి విడగొట్టు అని ఉంటాయి. వరుస తీసేయి అన్నదాన్ని నొక్కాను. నిజంగా తీసేయాలా అని కూడా అది అడగలేదు. మనుషులు చచ్చిపోతే ఆస్పత్రిలో ఎన్ని సంతకాలు పెట్టించుకుంటారు, దీనికి ఏమీ లేదు.

మీ అబ్బాయి వరుసతో పాటు ఇంటి పేరు గడి కూడా పోయింది, అది ఆ వరుసకే చెందినది కాబట్టి. కింద ఉన్న ముఖేష్ వరుస ఖాళీ అయిన చోటికి ఎడమవైపుకు జరిగింది. ముఖేష్ పేరు వెళ్ళి ఇంటి పేరు ఉండాల్సిన చోట కూర్చుంది. అతని మోటారు పంపుల వ్యాపారం మనిషి పేరు ఉండాల్సిన చోటికి వచ్చింది. కోయంబత్తూరు వ్యాపారం చోటికి వచ్చింది. కుడివైపు చివర ఒక గడి బోసిగా మిగిలింది. దాన్ని అలాగే సభ పేజీలోకి ఎక్కించేశాను. పెద్దలెవరూ తెరిచి చూడలేదు. వాళ్ళు ఎప్పుడు చూశారు కనుక.

ఇక నవమి సంగతి. మీరు మోకాళ్ళ నొప్పులని రాలేదు. ముఖేష్ వచ్చాడు, లక్ష్మీప్రియ వచ్చింది, ఆమె అన్నదమ్ములు కూడా వచ్చారు. ముఖేష్ పట్టు పంచె, లక్ష్మీప్రియ కొత్త హారం. వాళ్ళ అన్న ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి ముందు వరుసలో సిద్ధంగా కూర్చున్నాడు. నన్ను చూసి లక్ష్మీప్రియ "అక్కా, ఈసారి మనింటికి మీ మరిది పోతారంట కదా, నాకు ఇప్పుడే తెలిసింది" అంది. ఇప్పుడే తెలిసినవాళ్ళు కోయంబత్తూరు నుంచి అన్నదమ్ములను వెంటబెట్టుకుని వస్తారా అని నేను అడగలేదు. ప్రణతిని వెతుక్కుంటూ వెనక స్తంభం వైపు వెళ్ళాను.

ప్రణతిని ఆ రోజు ఇంట్లోనే ఉంచాలని నా ఆలోచన. పరీక్షలు దగ్గరికొచ్చాయి, చదువుకో, నేను పోయి వస్తాను అని చెప్పాను. సరే అంది. నేను పానకానికి బెల్లం తీసుకుని దుకాణం నుంచి వచ్చేసరికి లంగా ఓణీ కట్టుకుని, స్నేహితురాళ్ళతో కలిసి మందిరంలో పూలు కట్టడానికి వెళ్ళిపోయింది. మేడ మీద వాళ్ళు చెప్పారు. పరుగెత్తాను. మందిరంలో జనం, మేళం. ఆడపిల్లల మధ్య ఎక్కడో కూర్చుని ఉంది. దాని దగ్గరికి చేరే లోపలే మైకు మొదలైంది.

మైకు పట్టుకున్నది మనవాళ్ళు కాదు. బాలమురుగన్ అని పెళ్ళిళ్ళలో కచేరీల మధ్య మాట్లాడే మనిషి, సభవాళ్ళు ఈ ఏడు కొత్తగా పిలిచారు. అతనికి మన ఇళ్ళూ తెలియవు, మనుషులూ తెలియరు. వేదిక పక్కన పెద్ద టీవీలో సభ పేజీ పెట్టారు. అతను అందులో ఉన్నది ఉన్నట్టు చదవడమే. ఉప్పువారి ఇల్లు అన్నాడు, వాళ్ళు వెళ్ళారు. బెల్లంవారి ఇల్లు అన్నాడు, ఏకాంబరం మామ వెళ్ళి తాంబూలం తీసుకుని వచ్చారు. అప్పుడు ఆడపిల్లల మధ్య నుంచి ప్రణతి లేచింది. ఎవరూ పిలవకముందే లేచి, ఓణీ సర్దుకుని, వేదిక మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ప్రతి ఏడూ అలాగే నిలబడేది. ఇవతలి వైపు నుంచి ముఖేష్ కూడా లేచాడు.

"తర్వాత, ముఖేష్ వారి ఇల్లు" అన్నాడు బాలమురుగన్. "ఇంటి పెద్ద, మోటారు పంపులు గారు. వ్యాపారం, కోయంబత్తూరు."

ముందు ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పిల్లలు నవ్వారు, వాళ్ళను చూసి పెద్దలు నవ్వారు. ఏకాంబరం మామ గురించి మీకు తెలుసు కదా, అలాంటి అవకాశం వదులుకునే మనిషి కాదు.

"ఏమప్పా ముఖేషూ, పంపులు గారు రాలేదా? ఆయన్ను కూడా పిలుచుకోనొచ్చి ఉండొచ్చు గదా" అన్నారు. మందిరమంతా ఘొల్లుమంది.

ముఖేష్ మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే ఆగిపోయాడు. కోదండరాం మామ చెమటలు తుడుచుకుంటూ బాలమురుగన్ చెవిలో ఏదో చెప్పబోయారు. ఉప్పువారి పెద్దాయన మాత్రం కదలనివ్వలేదు. "మైకులో ఏ ఇంటిని పిలిస్తే ఆ ఇంటికి తాంబూలం. పిలవని ఇంటికి ఇచ్చే వాడిక ఈ మందిరంలో లేదు" అన్నారు. ఆ వాడిక గురించి నాకంటే మీకే బాగా తెలుసు. మూడో తాంబూలం చింతపండువారికి వెళ్ళింది. పసుపువారి ఇల్లు అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

ముఖేష్ ఎంత బాధపడ్డాడో మీకు రోజూ వినిపిస్తూనే ఉంటుంది. నేను మీ మనవరాలి సంగతి చెబుతాను, అది మీకు ఎవరూ చెప్పి ఉండరు. నవ్వులు మొదలైనప్పుడు అది మెట్ల దగ్గరే ఉంది. తనను చూసే నవ్వుతున్నారనుకుంది. చెయ్యి పైకెత్తి జడలో పూలు జారాయేమోనని తడుముకుంది. ఆ తర్వాత తలెత్తి టీవీ వైపు చూసింది. నాన్న పేరు కోసం పై నుంచి కింది దాకా వెతికింది, నేను చూస్తూనే ఉన్నాను. దొరకలేదు. అందరూ నవ్వుతూ ఉండగా గోడ పక్కనుంచి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. ఒక్కరు కూడా దాన్ని ఆపలేదు. నేను జనంలో నుంచి బయటపడేసరికి షేర్ ఆటో ఎక్కేసింది.

నేను ఇంటికి చేరేసరికి లంగా ఓణీ మడతపెట్టి మంచం మీద ఉంది. ప్రణతి కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

"నాన్న పేరు ఎవరుమా తీసినారు?" అని అడిగింది.

"నేనే."

"తెలిసేనా?"

"తెలిసే. సభవాళ్ళు తీయమన్నారు."

"వాళ్ళు చెప్తే తీసేస్తావా నువ్వు? నాన్న చేసిన పేజీ మా అది." మళ్ళీ తనే అంది, "నన్నెందుకు ఆడికి రానిచ్చినావ్?"

ఆ రోజు నుంచి అది నాతో అవసరానికి తప్ప మాట్లాడదు. అన్నం పెడితే తింటుంది, బట్టలు ఉతికితే మడతపెట్టుకుంటుంది, బడికి వెళ్ళి వస్తుంది. అమ్మా అన్న పిలుపు మాత్రం ఆగిపోయింది. ఎదిగిన పిల్ల ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకపోతే ఎలా ఉంటుందో మీకు తెలియదు. మీ కొడుకులిద్దరూ నోరున్నవాళ్ళే.

ముఖేష్ ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "ఏం వదినా ఇది, నేనేం పాపం చేసినానని" అన్నాడు. "సాఫ్ట్‌వేర్ అట్లా చేసింది ముఖేష్, పాతది కదా" అన్నాను. నమ్మాడు. కోదండరాం మామకూ అదే చెప్పాను, ఆయనా నమ్మారు. "ఆడోళ్ళ చేతికి మిషన్లు ఇస్తే ఇంతే" అని సభలో ఎవరో అన్నారట, అందరూ సరే అనుకున్నారట. నన్ను చేతకానిదాన్ని అనుకోవడం వాళ్ళకు సులువు. మీరూ అదే రాశారు.

అత్తయ్యా, నాకు చేతకాక కాదు.

నేను ఇందాక రాసిన చిన్న పెట్టె ఉంది చూశారా, వరుస తీసేయి అని ఉన్న పెట్టె. అందులోనే గడి విడగొట్టు అని కూడా ఉంటుంది. ముందుగా ఇంటి పేరు గడిని విడగొట్టి, పసుపువారి ఇల్లు అన్న మాటను ముఖేష్ పక్కకు దించుకుని, ఆ తర్వాత మీ పెద్దబ్బాయి వరుస తీస్తే పట్టిక ఎక్కడా చెదరదు. ఇంటి పేరు ఉంటుంది, ముఖేష్ పేరు దాని పక్కన నిండుగా ఉంటుంది, మూడో తాంబూలం మన ఇంటికే వస్తుంది. ఆ కంప్యూటర్ సెంటర్లో మొదటి వారంలో నేర్పే పాఠం అది. నేను ఆ పని చేయలేదు. చేయకపోతే ఏమవుతుందో తెలుసు. చెదిరిన పట్టిక నా కళ్ళ ముందే ఉంది. దాన్ని చూసి నవ్వాను కూడా. ముఖేష్ అందరి ముందు వెర్రిమొహం వేసుకుని నిలబడితే చూడాలని కోరికగా ఉండింది. పానకం కోసమో రాముడి కోసమో కాదు, అది చూడటానికే ఆ రోజు మందిరానికి వెళ్ళాను. చూశాను. నా కూతురు కూడా అదే చోట నిలబడి ఉండగా చూశాను.

ఎందుకు చేశావని మీరు అడగవచ్చు. కోదండరాం మామ గడప దగ్గర అన్న మాట ఇప్పుడు రాస్తాను.

"నా మీద కోపం పెట్టుకోవద్దుమా. నాకేం పట్టింది ఇందులో. మీ అత్తగారే ఫోన్ చేసి చెప్పినారు. 'పెద్దోడి పేరు తీసేసి చిన్నోడి పేరు పెట్టండి, ఆ బిడ్డ ఇంకెన్నాళ్ళు పోతాది ఆడికి, నేను చెప్పినానని మాత్రం జయంతికి చెప్పొద్దు' అన్నారు. నేను ఉండబట్టలేక చెప్తా ఉండాను."

ఆయన వెళ్ళాక వాకిట్లో ఎంతసేపు నిలబడ్డానో. వేరే ఎవరు చెప్పినా నేను పోట్లాడేదాన్ని, సభకు వెళ్ళి మైకు లాక్కునైనా అడిగేదాన్ని. మీరు చెప్పారని విన్నాక లోపలికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పదో రోజు గాజులు తీయించడానికి ఆడవాళ్ళు గుంపుగా వస్తే వీధి తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డ మనిషి మీరు. "నా కొడుకు పోయినాడు, నా కోడలు పోలేదు" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను లేచి తిరిగాను. ఆ మాట అన్న నోటితోనే ఇది ఎలా చెప్పగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వాళ్ళ ఇంట్లో ఉంటున్నారు, వాళ్ళ మాట మీ నోటి నుంచి వచ్చి ఉండవచ్చు. లక్ష్మీప్రియ పక్కన కూర్చుని స్పీకర్ పెట్టి మీ చేత చెప్పించి ఉండవచ్చు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా కడుపు చల్లబడలేదు. నాతో ఒక్క మాట అని ఉంటే, "జయంతీ, నాకు ఇక్కడ ఇబ్బందిగా ఉంది, ఈ ఒక్కటి ఒప్పుకో" అని ఉంటే, నా చేత్తో నేనే గడి విడగొట్టి ముఖేష్ పేరు పెట్టి ఉండేదాన్ని. మీరు నాకు చెప్పొద్దని చెప్పారు. కోపం మీ మీద, దెబ్బ ముఖేష్‌కు అనుకుని కొట్టాను. తగిలింది ప్రణతికి.

ఇంటి పేరు తిరిగి పెట్టమని రాశారు, సభ సంచిక అచ్చుకు వెళ్ళే లోపల. పెట్టేశాను. నిన్ననే సరిచేసి సభ పేజీలో ఎక్కించాను, కోదండరాం మామ చూసి సరే అన్నారు. మూడో చోట పసుపువారి ఇల్లు, పక్కన ముఖేష్ పేరు ఒక్కటే. మీరు కోరినట్టే ఉంది. ప్రణతికి ఒక వరుస ఇవ్వమని నేను సభను అడగలేదు. అడగబోతే అదే వద్దంది. "ఆ మెట్లు నేను మళ్ళీ ఎక్కను" అంది. వచ్చే ఏటి నుంచి ఆ పేజీ ఇంకెవరినైనా చూసుకోమని మామకు చెప్పేశాను. కాబట్టి ఆ విషయంలో మీరు నన్ను అడగవలసిందీ లేదు, నేను మీకు చేయవలసిందీ లేదు.

నేను అడిగేది వేరే. సెలవులు ఇచ్చారు. ప్రణతి మొన్న తనంతట తనే వచ్చి, గోడ వైపు చూస్తూ చెప్పింది. "నేను అవ్వ దగ్గరికి పోతాను. సెలవులు అయ్యేదాకా ఆడనే ఉంటాను. అవ్వ అయితే ఇట్లా చేసుండదు."

టికెట్టు తీశాను. శుక్రవారం కోయంబత్తూరు బండి ఎక్కుతుంది. స్టేషన్‌కు ముఖేష్‌ను పంపకండి, మీరే ఆటో మాట్లాడుకుని వెళ్ళండి.

మీరు చెప్పిన సంగతి నేను దానికి చెప్పలేదు. చెప్పను కూడా. నాన్న తరపున దానికి మిగిలింది మీరొక్కరే. ఆ ఒక్కటీ నా చేత్తో తీసేయలేను, ఒకసారి తీసేసిన సుఖం చాలు. మీరు చెప్పకపోతే, నాన్న పేరు తీసిపారేసింది అమ్మ అనుకుంటూనే అది పెద్దదవుతుంది. నేను భరిస్తాను. పట్టిక చెదిరిపోవడం నా తప్పు, దాన్ని నా నెత్తినే ఉంచండి. తీయమన్నది ఎవరో మాత్రం మీ నోటితో చెప్పండి.

చెప్పదలచుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. అది బండి దిగి రాగానే మీరు ముందు ఆకు వేసి కూర్చోబెడతారు, నాకు తెలుసు. వద్దు. అన్నం పెట్టకముందే చెప్పండి. తిన్న తర్వాత తెలిస్తే, మీ చేతి ముద్ద తిన్నందుకు కూడా అది ఏడుస్తుంది.

ఇట్లు,
ఇప్పటికీ మీ పెద్ద కోడలే అయిన
జయంతి